ఫోన్ ఆటలో కూర్చోగానే పిల్లల నోట బూతులెందుకు?

ఈ మధ్య మన ఆసుపత్రి ఓ.పి.కి పిల్లలను తీసుకువచ్చే తల్లులు, ఆదివారం ఆరాధన అయ్యాక ఆగి మాట్లాడే తండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మా వాడు బయట ఎవరినీ ఒక్క మాట అనడండీ. సండే స్కూల్లో వాక్యం తప్పు లేకుండా అప్పజెబుతాడు. పెద్దవాళ్ళు కనిపిస్తే లేచి నిలబడతాడు. కానీ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ ఆటలో కూర్చున్నాడంటే, గదిలోంచి మేము వినలేని మాటలు వస్తున్నాయి. ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నాడు?"

కొందరు దీన్ని చెడు స్నేహం అంటారు. కొందరు, తుపాకుల ఆట ఆడితే ఇంకేమవుతుందంటారు. పిల్లవాడికి ఏదో పట్టిందని భయపడి ప్రార్థన చేయించడానికి వచ్చేవారూ ఉన్నారు. ప్రార్థన మంచిదే. దానితోపాటు ఆ మాటలు ఎలా పుడుతున్నాయో తెలుసుకోవడం కూడా అవసరం. ఈ విషయం మీద గత ఇరవై ఏళ్ళలో మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలా పరిశీలన చేశారు. వారు కనుగొన్నది మనం ఊహించుకునేదానికి కొంత భిన్నంగా ఉంది.

ముందుగా, ఈ ఆటలు ఎన్నడూ చూడని పెద్దవారి కోసం కొంచెం వివరం. పూర్వం వీడియో గేమ్ అంటే పిల్లవాడు ఒక్కడే యంత్రంతో ఆడుకునేది. ఇప్పటివి అలా కాదు, ఇంటర్నెట్ ద్వారా అనేకమంది ఒకేసారి కలిసి ఆడతారు. 'బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా'నే తీసుకోండి. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం పబ్‌జి మొబైల్‌ను నిషేధించాక, 2021 జూలైలో అదే తరహాలో మన దేశం కోసం వచ్చిన ఆట ఇది. (2022 జూలైలో ఇది కూడా ఆగిపోయి, 2023 మే నెలలో మళ్ళీ తెరుచుకుంది. పిల్లలకు ఈ తేదీలు పరీక్ష తేదీలకన్నా బాగా గుర్తుంటాయి.) సుమారు వంద మంది విమానంలోంచి ఒక ద్వీపం మీదికి దిగుతారు. సాధారణంగా నలుగురేసి ఒక జట్టు. చివరివరకు మిగిలిన జట్టు గెలిచినట్టు. ఒక ఆట సుమారు అరగంట నడుస్తుంది. జట్టులోని నలుగురూ మైకులో మాట్లాడుకోవచ్చు. ఆ నలుగురూ స్నేహితులే అయి ఉండనక్కరలేదు. మీ అబ్బాయి ఒక్కడే ఆట తెరిస్తే మిగతా ముగ్గురినీ కంప్యూటరే ఎక్కడెక్కడి నుంచో తెచ్చి కలుపుతుంది. ఒకడు నాగపూర్‌లో, ఒకడు పాట్నాలో, ఒకడు పక్క వీధిలోనే ఉండవచ్చు. ఎవరికీ ఎవరూ తెలియదు.

ఇలాంటి చోట మొదలయ్యే దురుసుతనానికి పిల్లలు పెట్టుకున్న పేరు 'టాక్సిక్', అంటే విషపూరితం. ఇందులో బూతులు ఒక భాగమే. సరిగా ఆడలేనివాడిని 'నూబ్' అని ఎగతాళి చేయడం, తప్పంతా ఒకడి మీద వేసి ఆట అయ్యేదాకా సాధించడం, కోపంతో కావాలని సొంత జట్టునే ఓడించడం, భాషను బట్టి, కులాన్ని బట్టి, మతాన్ని బట్టి తిట్టడం, ఆడపిల్లలతో అసభ్యంగా మాట్లాడడం, ఇల్లు వెతుక్కుని వచ్చి కొడతామని బెదిరించడం, ఇవన్నీ ఇందులోకి వస్తాయి. అమెరికాలో ఒక సంస్థ 2019లో జరిపిన సర్వేలో, ఈ రకం ఆటలు ఆడే పెద్దవారిలో 74 శాతం మంది తాము ఏదో ఒక రకమైన వేధింపుకు గురయ్యామని చెప్పారు. పిల్లల సంగతి పక్కన పెట్టండి, ఇది పెద్దవారి మాట.

తిట్టేది ఎవరు?

మనందరికీ ఉన్న నమ్మకం ఏమిటంటే, ఇలా మాట్లాడేవాళ్ళు వేరే జాతి మనుషులు, పెంపకం లేనివాళ్ళు, కొద్దిమంది పోకిరీలు. వాళ్ళను ఏరి బయటకు పంపితే ఆట శుభ్రపడుతుంది. 'లీగ్ ఆఫ్ లెజెండ్స్' అనే ఆటను తయారు చేసిన రయట్ గేమ్స్ కంపెనీ కూడా మొదట ఇలాగే అనుకుంది. ఇది 2009లో వచ్చిన ఆట. ఐదుగురు ఒక వైపు, ఐదుగురు ఒక వైపు. కోట్లమంది ఆడారు. తిట్ల మీద ఫిర్యాదులు ఎంతగా పెరిగాయంటే, కంపెనీ 2011లో ఒక రకమైన పంచాయతీ పెట్టి, ఫిర్యాదు వచ్చిన సంభాషణలను తోటి ఆటగాళ్ళ చేతే చదివించి తీర్పు చెప్పించింది. 2014 వరకు అది నడిచింది. మనస్తత్వ శాస్త్రం తెలిసినవారిని ఉద్యోగంలోకి తీసుకుని ఆ సంభాషణలను లెక్క వేయించింది.

ఆ పని చూసిన శాస్త్రవేత్త జెఫ్రీ లిన్ 2015లో బయటపెట్టిన లెక్క ఇది: ఎప్పుడూ దుర్మార్గంగా ప్రవర్తించేవారు ఆటగాళ్ళలో సుమారు ఒక్క శాతమే. ఆటలో జరిగే మొత్తం దురుసుతనంలో వారి వాటా 5 శాతం మాత్రమే. మిగిలినదంతా మామూలు మనుషులదే. రోజూ మర్యాదగా ఆడేవాడే, ఆ రోజు ఏదో సరిగా లేక, ఒకసారి నోరు జారుతున్నాడు. ఒక్కొక్కడు ఒక్కసారే జారినా, కోట్లమంది ఆడే చోట ఆ ఒక్కొక్క జారుడూ కలిసి ఏరై పారుతుంది.

ఈ లెక్కతో తల్లిదండ్రుల ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. మీ అబ్బాయి బయట చూపే మర్యాద నటన కాదు. గదిలోంచి వినబడే ఆ మాటలూ వాడివే. ఒకే పిల్లవాడు రెండు చోట్ల రెండు రకాలుగా ఎందుకు ఉంటున్నాడన్నది చూడాలి. అంటే ఆ రెండో చోటు ఎలాంటిదో చూడాలి.

కళ్ళు కనిపించని చోట

2004లో జాన్ సూలర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, ఇంటర్నెట్‌లో మనుషులకు కట్టు ఎందుకు తెగుతుందో వివరిస్తూ ఒక వ్యాసం రాశారు. అసలు పేరు తెలియదు, ముఖం కనిపించదు, మందలించే పెద్ద ఎవరూ ఎదురుగా లేరు, జరిగేదంతా ఒక ఆటే, నిజం కాదు అన్న భావన. ఇవన్నీ కలిసినప్పుడు మనిషి ఎదుటపడి అనలేని మాటలు సులువుగా అనేస్తాడని ఆయన చెప్పారు.

ఇందులో అన్నిటికన్నా బలమైనది ఏది? పేరు దాచుకోవడమే అని చాలామంది అనుకుంటారు. ఇజ్రాయెల్‌లోని హైఫా విశ్వవిద్యాలయంలో 2012లో దీన్నే పరీక్షించారు. ఇద్దరిద్దరిని కంప్యూటర్ ద్వారా వాదించుకోమన్నారు. కొందరికి ఎదుటివారి పేరు తెలుసు, కొందరికి తెలియదు. కొందరికి ఎదుటివారి కళ్ళు కనబడే ఏర్పాటు చేశారు, కొందరికి చేయలేదు. తిట్లు, బెదిరింపులు పెరగడానికి పేరు తెలియకపోవడం కన్నా కళ్ళు కనబడకపోవడమే ముఖ్య కారణమని తేలింది.

ఇది మనకు తెలియని సంగతేమీ కాదు. తమ్ముడిని ఒక మాట అన్నప్పుడు వాడి కళ్ళలో నీళ్ళు తిరిగితే అన్న రెండో మాట మింగేస్తాడు. ఆ నీళ్ళే మన నోటికి కళ్ళెం. ఆటలో కనబడేది తుపాకీ పట్టుకున్న బొమ్మ. ఆ బొమ్మను తిడితే దాని ముఖం మారదు. దాని వెనక పాట్నాలోనో, పాల్వంచలోనో కూర్చున్న పద్నాలుగేళ్ళ పిల్లవాడి ముఖం మారుతుంది, అది ఎవరికీ కనబడదు.

ఓడినవాళ్ళే ఎక్కువ

మన ఊళ్ళో సాయంత్రం ఆడే క్రికెట్‌కూ దీనికీ ఇంకో తేడా ఉంది. వీధి క్రికెట్‌లో క్యాచ్ వదిలేసినవాడిని కూడా తిడతారు. కానీ రేపు మళ్ళీ వాడితోనే ఆడాలి. బ్యాట్ వాడిదే అయితే మరీ జాగ్రత్తగా మాట్లాడాలి. వాడి అమ్మ మన అమ్మకు తెలుసు. ఈ లెక్కలన్నీ నోటిని అదుపులో పెడతాయి. ఫోన్ ఆటలో కంప్యూటర్ కలిపిన జట్టు అరగంట కాపురం. ఆ తర్వాత ఆ మనిషి మళ్ళీ తగలడు. ఈ రోజు అన్న మాటకు రేపు జవాబు చెప్పవలసిన పని లేదు.

పైగా ఈ ఆటల్లో ఓటమి చాలా ఎక్కువ. వంద మంది దిగితే ఇరవై అయిదు జట్లు. అందులో గెలిచేది ఒక్కటి, ఓడేవి ఇరవై నాలుగు. ఐదుగురు, ఐదుగురు ఆడే ఆటల్లో కూడా సమాన బలం ఉన్నవారిని ఎదురెదురుగా నిలపడానికి కంప్యూటర్ ప్రయత్నిస్తుంది కాబట్టి, ఎంత బాగా ఆడేవాడికైనా దాదాపు సగం ఆటలు పోతాయి. ర్యాంకు పెట్టి ఆడుతున్నప్పుడు ఓడిన ప్రతిసారీ పాయింట్లు తగ్గి, వారం రోజుల కష్టం కళ్ళ ముందే కరిగిపోతుంది. ఆ ఓటమికి కారణం ఎవరు? నలుగురిలో మిగతా ముగ్గురు. మనిషి బుద్ధి ఎలాంటిదంటే, తను తప్పు చేస్తే "నెట్ స్లోగా ఉంది", "అమ్మ పిలిచింది" అంటాడు. అదే తప్పు పక్కవాడు చేస్తే "వాడికి ఆడడం రాదు" అంటాడు. మత్తయి సువార్తలో ప్రభువు చెప్పిన నలుసు, దూలం సంగతి ఇక్కడ అక్షరాలా కనబడుతుంది. పక్కవాడి నెట్ కూడా స్లోగా ఉండవచ్చని, వాడినీ వాళ్ళమ్మ పిలిచి ఉండవచ్చని ఆ క్షణంలో తట్టదు.

'లీగ్ ఆఫ్ లెజెండ్స్' సంభాషణలను 2014లో పరిశీలించిన ఇద్దరు పరిశోధకులు ఒక విషయం గమనించారు. తర్వాత దురుసుగా తేలిన ఆటగాళ్ళు కూడా ఆట మొదట్లో అందరిలాగే మాట్లాడారు. ఆట సాగే కొద్దీ ఒక దగ్గర వారి భాష మారిపోయింది. అంటే తిట్టాలని సిద్ధపడి కూర్చున్నవారు కారు, దారిలో ఎక్కడో తెగిపోయినవారు.

తుపాకుల ఆట కాబట్టేనా?

ఇది పెద్దలు తప్పకుండా అడిగే ప్రశ్న. ఆటలోని హింస పిల్లలను దూకుడుగా మారుస్తుందా అన్న దాని మీద పరిశోధకుల్లో ఏళ్ళ తరబడి వాదం నడిచింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు సుమారు వెయ్యి మంది 14, 15 ఏళ్ళ బ్రిటిష్ పిల్లలను, వారి తల్లిదండ్రులను అడిగి 2019లో వెల్లడించిన ఫలితంలో, హింసాత్మక ఆటలు ఆడిన సమయానికీ పిల్లల దురుసు ప్రవర్తనకూ సంబంధం కనబడలేదు. దీనర్థం చిన్నపిల్లలకు ఆ ఆటలు తగినవని కాదు. ఏ వయసుకు ఏ ఆట అన్నది వేరే విషయం, అక్కడ మా సలహా గట్టిగానే ఉంటుంది. కానీ బూతులకు కారణం తుపాకీ బొమ్మ అనుకుని ఆగిపోతే అసలు కారణం తప్పిపోతుంది.

అసలు కారణం వైపు చూపే ప్రయోగం ఒకటి 2014లో వచ్చింది. దాన్ని జరిపినవారిలో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు ఆండ్రూ షిబిల్‌స్కీ ఒకరు. వారు వాడిన ఆటల్లో టెట్రిస్ ఒకటి. ఇది పాతకాలపు ఆట, పైనుంచి పడే ఇటుకలను పేర్చడమే. తుపాకీ లేదు, రక్తం లేదు. కొందరికి మామూలు టెట్రిస్ ఇచ్చి, కొందరికి కావాలని చికాకు పెట్టేలా మార్చినది ఇచ్చారు. తర్వాత, రాబోయే వ్యక్తి ఎంతసేపు చల్లని మంచు నీళ్ళలో చెయ్యి పెట్టాలో మీరే నిర్ణయించండి అన్నారు. చికాకు పెట్టే ఆట ఆడినవారు, ముఖం కూడా చూడని ఆ మనిషికి సగటున 10 సెకన్లు ఎక్కువ శిక్ష వేశారు. ఇటుకలు పేర్చే ఆటకే ఇంత కోపం! చేతకానితనం అనుభవించినప్పుడు మనిషి ఆ మంటను పక్కవాడి మీద దింపుకుంటాడు. ఆడలేకపోతున్నాను, నా వల్ల కావడం లేదు అన్న బాధ తిట్టుగా బయటకు వస్తుంది.

శరీరం కూడా దీనికి సహకరిస్తుంది. ఆట బిగువుగా ఉన్నప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, అరచేతులు చెమర్చుతాయి. పాము ఎదురైనప్పుడు పరిగెత్తడానికి దేవుడు మన శరీరంలో పెట్టిన ఏర్పాటు ఇది. కుర్చీలో కదలకుండా కూర్చున్నవాడికి పరిగెత్తే దారి లేదు, నోరు ఒక్కటే ఉంది. ఆవేశాన్ని ఆపి, ఒక్క క్షణం ఆలోచించేలా చేసే మెదడు ముందు భాగం ఇరవై దాటి ఐదారేళ్ళు వచ్చేవరకు పూర్తిగా ఎదగదు. దానికి నిద్రలేమి తోడవుతుంది. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. రాత్రి ఒంటిగంటకు, అన్నం సగం తిని, మూడు ఆటలు వరుసగా ఓడిన పిల్లవాడి నోటి నుంచి ఏ మాట వస్తుందో ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.

ఒకరి నుంచి ఒకరికి

మనది ఆసుపత్రి పత్రిక కాబట్టి అంటువ్యాధి అన్న మాట వాడితే పాఠకులు తప్పు పట్టరు. 'వరల్డ్ ఆఫ్ ట్యాంక్స్' అనే ఆట మీద 2020లో వెలువడిన పరిశోధనలో, దురుసుతనం ఆటగాళ్ళ మధ్య పాకుతుందని, ముఖ్యంగా సొంత జట్టులోనివారి నుంచి అంటుకుంటుందని తేలింది. ఓడిపోతున్న జట్లలో, బాగా ఆడేవారూ అసలు రానివారూ కలిసిన జట్లలో ఇది ఎక్కువ. తిట్టడంలో కొత్తవారికన్నా అనుభవజ్ఞులదే పెద్ద చెయ్యి అని కూడా ఆ పరిశోధన చెప్పింది. పది మందికి నేర్పవలసిన సీనియర్లే ఎక్కువ తిడుతున్నారన్నమాట. (ఇది ఆటలకే పరిమితమా అని మన కార్యాలయాలను చూస్తే అనుమానం వస్తుంది.)

2017లో స్టాన్‌ఫర్డ్, కార్నెల్ విశ్వవిద్యాలయాల వారు చేసిన మరో ప్రయోగం ఆటలది కాదు గాని, ఇక్కడ పనికివస్తుంది. కొందరికి తేలిక పరీక్ష, కొందరికి కష్టమైన పరీక్ష పెట్టి, ఆ తర్వాత ఒక వార్త మీద అభిప్రాయం రాయమన్నారు. కొందరికి ముందే రాసి ఉన్న మర్యాదైన అభిప్రాయాలు కనబడతాయి, కొందరికి మొరటువి. తేలిక పరీక్ష రాసి, మర్యాదైన మాటలు చూసినవారిలో దురుసుగా రాసినవారు 35 శాతం. కష్టమైన పరీక్షతో మనసు చెడి, మొరటు మాటలు చూసినవారిలో అది 68 శాతం. ఫోన్ ఆటలో ఈ రెండూ రోజూ కలిసే ఉంటాయి. మనసు చెడగొట్టే ఓటమి ఒకటి, అప్పటికే మైకులో వినబడుతున్న బూతు ఒకటి.

ఇలా కొంతకాలం గడిచాక అది ఆచారంగా మారుతుంది. "అంకుల్, అందులో అందరూ అలాగే మాట్లాడతారు, ఎవరూ సీరియస్‌గా తీసుకోరు" అని పిల్లలు నిజాయితీగానే చెబుతారు. 2021లో కెనడా పరిశోధకులు అడిగినప్పుడు కూడా చాలామంది ఆటగాళ్ళు, ఇది ఆటలో భాగమే కదా అని ఫిర్యాదు చేయడం మానేశామని చెప్పారు. తిట్టినవాడు సరదా అనుకుంటాడు. పడినవాడు బాధపడ్డానని చెబితే ఇంకా ఎగతాళి చేస్తారని ఊరుకుంటాడు. ఆ మౌనం అంగీకారంగా లెక్కలోకి వెళుతుంది.

పిల్లలకు ఈ ఆచారం ఆటలోనే మొదలు కాకపోవచ్చు. టీవీలో క్రికెట్ చూస్తున్నప్పుడు బ్యాట్స్‌మన్ అవుట్ అయితే ఇంట్లో నాన్న ఏమంటాడు? అడ్డంగా వచ్చిన ఆటో డ్రైవర్‌ను ఏమంటాడు? ఓడినవాడిని, తప్పు చేసినవాడిని ఏ భాషలో మాట్లాడవచ్చో పిల్లలు ముందు అక్కడే వింటారు. ఇది ఎవరినీ నొప్పించడానికి రాయడం లేదు.

ఆడపిల్ల గొంతు వినబడితే

'హేలో 3' అనే ఆటలో అమెరికా పరిశోధకులు 2012లో ముందే రికార్డు చేసిన గొంతులతో ఒక పరీక్ష చేశారు. అవే మాటలు మగ గొంతుతో పలికినప్పటికన్నా ఆడ గొంతుతో పలికినప్పుడు మూడు రెట్లు ఎక్కువ చెడు మాటలు ఎదురయ్యాయి. 2015లో అదే సమాచారాన్ని మళ్ళీ పరిశీలిస్తే, ఆడ గొంతును ఎక్కువగా తిట్టింది ఆటలో వెనకబడినవారని, బాగా ఆడేవారు మర్యాదగానే ఉన్నారని కనబడింది. తన స్థానం పోతుందన్న భయం ఉన్నవాడే నోరు చేసుకున్నాడు. పై పేరాల్లో 'వరల్డ్ ఆఫ్ ట్యాంక్స్'లో తిట్టింది అనుభవజ్ఞులు, ఇక్కడ వెనకబడినవారు. రెండు ఆటలు, రెండు పరిస్థితులు. అన్నిటికీ ఒకే కారణం చెప్పేవారిని నమ్మకపోవడం మంచిది.

మన సంఘంలోని ఆడపిల్లలు కూడా ఈ ఆటలు ఆడుతున్నారు. మైకు ఆపేసి, అబ్బాయి పేరు పెట్టుకుని ఆడే అమ్మాయిలు ఉన్నారు. "నువ్వెందుకు ఆడడం?" అని అమ్మాయిని ఆపడం తేలిక. ఇంట్లోని అబ్బాయిని కూర్చోబెట్టి అడగడం కష్టం. తరచుగా మనం తేలికైన పనే చేస్తాం.

మాట ఎంత దూరం పోతుంది

ఇదంతా గాలి మాటలే కదా అనుకునేవారి కోసం ఒక సంఘటన. 2017 డిసెంబరు 28న అమెరికాలో 'కాల్ ఆఫ్ డ్యూటీ' ఆట ఆడుతున్న ఇద్దరి మధ్య ఒకటిన్నర డాలరు పందెం మీద గొడవ వచ్చింది. ఒకడు బెదిరించాడు. రెండోవాడు చేతనైతే రమ్మని తాము గతంలో ఉండి ఖాళీ చేసిన ఇంటి చిరునామా ఇచ్చాడు. అది కాన్సస్ రాష్ట్రంలోని విచిటా నగరంలో ఉంది. మొదటివాడు లాస్ ఏంజిలెస్‌లో ఉన్న మూడో మనిషిని పురమాయించాడు. ఆ మనిషి పోలీసులకు ఫోన్ చేసి, నేను ఆ ఇంట్లో హత్య చేశాను, మిగతావారిని బందీలుగా పెట్టాను అని అబద్ధం చెప్పాడు. పోలీసులు ఇల్లు చుట్టుముట్టారు. ఏం జరుగుతోందో చూద్దామని తలుపు తీసిన 28 ఏళ్ళ వ్యక్తిని ఒక పోలీసు కాల్చాడు, ఆయన మరణించాడు. ఆయనకు ఆ ఆటతోగాని ఆ గొడవతోగాని ఏ సంబంధమూ లేదు. ఇద్దరు పిల్లల తండ్రి. దొంగ ఫోన్ చేసినవాడికి 2019లో 20 ఏళ్ళ జైలు శిక్ష పడింది.

ఇంత దూరం పోయేవి అరుదు. మాకు ఓ.పి.లో కనబడేది నెమ్మదిగా జరిగే నష్టం. రోజూ తిట్లు పడే పిల్లవాడు నిద్రపోడు, చదువు మీద ధ్యాస పెట్టడు, కారణం అడిగితే తలనొప్పి అంటాడు. తిట్టే పిల్లవాడు చెల్లెలి మీద కూడా అదే గొంతు వాడడం మొదలుపెడతాడు. ఒక్కొక్కసారి ఆ ఇద్దరూ ఒకే పిల్లవాడు.

ఇంట్లో ఏం చేయవచ్చు?

చోటు మారితే మాట మారుతుందని రయట్ కంపెనీ అనుభవమే చెబుతుంది. వారు ఒకసారి ప్రత్యర్థి జట్టుతో మాట్లాడే సౌకర్యాన్ని మూసి ఉంచారు. కావలసినవారు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి తెరుచుకోవచ్చు. అంతే మార్పు. వారం తిరిగేసరికి చెడు మాటలు 30 శాతానికి పైగా తగ్గాయి, మంచి మాటలు అంతకు అంత పెరిగాయి. 2018లో 'ఓవర్‌వాచ్' ఆటలో, బాగా సహకరించిన ఆటగాడిని మెచ్చుకునే ఒక మీట పెట్టాక, అమెరికా ప్రాంతంలో తిట్లు దొర్లిన ఆటలు దాదాపు నాలుగో వంతు తగ్గాయి.

మనం కంపెనీలను మార్చలేం గాని, మన గది వరకు మార్చుకోవచ్చు. ఆట తలుపు మూసిన గదిలో కాకుండా, నలుగురూ తిరిగే హాల్లో ఆడమనండి. చెవిలో ఇయర్‌ఫోన్ ఉన్నా, ఎదురుగా నానమ్మ కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటే నోటికి దానంతట అదే హద్దు వస్తుంది. ముక్కూ మొహం తెలియనివారితో కాకుండా తెలిసిన స్నేహితులతో జట్టు కట్టమనండి. తెలియనివారు కలిస్తే మైకు మ్యూట్ చేయడం ఎలాగో పిల్లవాడికి తెలుసు, చేయమని మీరు చెప్పాలి. రెండు ఆటలు వరుసగా ఓడితే లేచి నీళ్ళు తాగి, అటూ ఇటూ నడిచి రావాలన్న నియమం పెట్టుకోండి. రాత్రి పది తర్వాత ఫోన్ పిల్లవాడి గదిలో ఉండకూడదు. ఈ ఒక్కటీ ఖచ్చితంగా పాటించిన ఇళ్ళలో సగం గొడవ తగ్గడం మేము చూస్తున్నాం.

ఆట మధ్యలో ఫోన్ లాక్కోకండి. మధ్యలో వెళ్ళిపోతే జట్టు ఓడుతుంది, మిగతా ముగ్గురూ వాడిని తిడతారు, వాడు ఆ కోపం మీ మీద చూపిస్తాడు. "ఈ ఆట అయ్యాక ఆపెయ్ నాన్నా" అంటే అరగంటలో అయిపోతుంది. బూతు వినబడిన వెంటనే అరిచి లాభం లేదు, అప్పుడు వాడి ఒంట్లో అడ్రినలిన్ ఉంది. కోపం దిగాక, అదే రోజు, వాడన్న మాటను వాడికే నెమ్మదిగా తిరిగి చెప్పి, "దీన్ని చెల్లి ముందు అనగలవా? ఎదురుగా ఉంటే వాడితో అనగలవా?" అని అడగండి. రయట్ వారు కూడా శిక్షతోపాటు ఆటగాడు అన్న మాటలను అతనికే చూపించినప్పుడు ఎక్కువమంది మారడం గమనించారు. చాలామందికి తాము ఏమన్నదీ గుర్తు లేదు.

తిట్లు పడిన పిల్లవాడి విషయంలో, "ఆటే కదా, మానెయ్" అని తీసిపారేయవద్దు. ముందు పూర్తిగా వినండి. తిట్టినవాడి మీద ఆటలోనే రిపోర్ట్ చేయించండి. బెదిరింపులు, ఫొటోలు అడగడం, డబ్బు అడగడం ఉంటే స్క్రీన్‌షాట్ తీసి ఉంచి పోలీసులకు చెప్పండి. పిల్లల విషయంలో 1098కి ఫోన్ చేయవచ్చు.

బూతులు మాట్లాడడం దానంతట అదే జబ్బు కాదు. ఆట మీద అదుపు పూర్తిగా పోయి, చదువు, తిండి, నిద్ర, స్నేహాలు అన్నీ దెబ్బతింటున్నా ఆపలేని స్థితిని మాత్రం ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో చేర్చింది. 2022 జనవరి నుంచి అది అమలులో ఉంది. సాధారణంగా ఏడాది పాటు ఈ లక్షణాలు ఉంటేనే అలా నిర్ణయిస్తారు. అనుమానం ఉంటే మీరు నిర్ణయించుకోకుండా పిల్లవాడిని వైద్యుడి దగ్గరకు తీసుకురండి. పిల్లవాడు చచ్చిపోవాలని ఉందన్నా, ఫోన్ తీసుకుంటే ఏదో చేసుకుంటానన్నా అది బెదిరింపో కాదో తేల్చుకునే ప్రయత్నం ఇంట్లో చేయవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఆ లోపు ఏ వేళనైనా టెలి మానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.